రాట్‌వీలర్ స్వభావం: ఇంటికి తెచ్చుకునే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో 14 ఏళ్లుగా రాట్‌వీలర్ లేని రోజులు తక్కువ. మొదట టైసన్ వచ్చాడు, 9 ఏళ్లు ఉన్నాడు. వాడు పోయిన ఏడాదికి రోజీ వచ్చింది, దానికిప్పుడు 4 ఏళ్లు. గుంటూరులో మా వీధిన వెళ్లేవాళ్లు గేటు దగ్గర ఆగి అడిగేవీ, కుక్కపిల్లని తెచ్చుకోబోతూ ఫోన్ చేసి అడిగేవీ దాదాపు ఈ ప్రశ్నలే. నాకు తెలిసినంతలో, నేను చేసిన తప్పులతో సహా, జవాబులు రాస్తున్నాను.

రాట్‌వీలర్ నిజంగా అంత కోపిష్టి కుక్కా?

కాదు. ఇది నిదానమైన కుక్క. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ ఈ జాతికి రాసిపెట్టిన ప్రమాణాల్లో కూడా అదే ఉంటుంది: మంచి స్వభావం, ప్రశాంతత, పిల్లలంటే ఇష్టం, మాట వినే గుణం, పని అంటే ఉత్సాహం. ఉలికిపడే కుక్కా, ఊరికే మీదపడే కుక్కా మంచి రాట్‌వీలర్ కిందకు రాదు.

మా రోజీ సంగతే చెబుతాను. కొరియర్ అబ్బాయి బండి ఆపగానే వీధిలో కుక్కలన్నీ గోల పెడతాయి. రోజీ వరండాలోంచి లేచి వెళ్లి గేటుకి నాలుగడుగుల ఇవతల నిలబడుతుంది. మొరగదు. నోరు మూసుకుని, చెవులు కాస్త ముందుకు పెట్టి, ఆ అబ్బాయి చేతుల వైపే చూస్తుంది. నేను బయటికొచ్చి “ఇవ్వు బాబూ” అన్నాక ఒకసారి నా మొహం చూస్తుంది, వెనక్కి వెళ్లి పడుకుంటుంది. అంతా కలిపి అర నిమిషం. తొందరపడకుండా ముందు చూడటం, చూశాక తేల్చుకోవడం. ఈ జాతిలో నాకు అన్నిటికంటే నచ్చే గుణం అది.

అయితే ఒకటి మర్చిపోవద్దు. 5 కిలోల కుక్క తప్పు చేస్తే గీత పడుతుంది, 50 కిలోల కుక్క తప్పు చేస్తే ప్రాణం మీదకి వస్తుంది. 2024 మేలో చెన్నైలోని ఒక పార్కులో రెండు రాట్‌వీలర్లు అయిదేళ్ల పాపని తీవ్రంగా గాయపరిచాయి. అలాంటి వార్త వచ్చినప్పుడు “మా కుక్క అలాంటిది కాదు” అని చెప్పుకుని ఊరుకోకూడదు. మన కుక్క బయటికి వెళ్లినప్పుడు పట్టీ మన చేతిలో ఉందా, దాన్ని ఆపగల మనిషి చేతిలో ఉందా అని చూసుకోవాలి.

అసలు ఇది ఏ పనికి పుట్టిన కుక్క?

పశువుల్ని తోలే కుక్క. ఇది చాలామందికి తెలియదు, కాపలా కోసమే పుట్టిందనుకుంటారు.

జర్మనీకి నైరుతిన, నెకార్ నది ఒడ్డున రాట్‌వీల్ అనే పాత ఊరుంది. దాదాపు 2,000 ఏళ్ల కిందట రోమన్ సైన్యం ఆల్ప్స్ పర్వతాలు దాటి అటు వచ్చినప్పుడు తిండి కోసం పశువుల మందల్ని వెంట తోలుకొచ్చిందనీ, ఆ మందల్ని అదుపులో పెట్టే కుక్కలే వీటి పూర్వీకులనీ చెబుతారు. తర్వాత ఆ ఊరు పశువుల సంతకు పేరుపడింది. కసాయి వ్యాపారులు ఈ కుక్కల్నే వాడేవాళ్లు. అందుకే వీటికి రాట్‌వీల్ కసాయివాళ్ల కుక్క అనే పేరు కూడా ఉంది. పొద్దున పశువుల్ని సంతకి తోలుకెళ్లడం, మాంసం బండి లాగడం, రాత్రి కొట్టుకి కాపలా, అన్నీ దీని పనులే. సంతలో వచ్చిన డబ్బు సంచిని యజమాని దీని మెడకి కట్టి ఇంటికి బయల్దేరేవాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మెడ మీద చెయ్యి వేసే ధైర్యం దొంగలకి ఎక్కడిది?

రైళ్లొచ్చి పశువుల్ని నడిపించి తోలే పని పోయాక ఈ జాతి దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. 1910లో జర్మనీలో పోలీసు కుక్కగా గుర్తింపు వచ్చింది. 1921లో జర్మన్ రాట్‌వీలర్ క్లబ్ ఏడీఆర్‌కే ఏర్పడింది. ఇవాళ్టికీ ఆ క్లబ్ పద్ధతి ఒకటే: పని చేయగలిగే కుక్కకే పిల్లల్ని కనే అర్హత.

ఈ చరిత్ర తెలిస్తే స్వభావం సగం అర్థమవుతుంది. పశువుని కరిచి రక్తం కార్పించే కుక్క ఏ వ్యాపారికీ పనికిరాదు. భుజంతో నెట్టాలి, అడ్డంగా నిలబడాలి, ఎద్దు కొమ్ము విసిరితే బెదరకూడదు, యజమాని ఒక్క కేక వేస్తే ఆగాలి. వీటి నిబ్బరం, మొండితనం, మాట వినడం మూడూ ఆ పనిలోంచి వచ్చినవే.

మా రాట్‌వీలర్ పిల్లల్ని నడుముతో తోసేస్తోంది. ఇది కోపమా?

కాదు. ఇప్పుడు చెప్పిన పశువుల్ని తోలే బుద్ధే అది. మా చెల్లెలి కొడుక్కి రెండేళ్లప్పుడు వాళ్లు దసరాకి మా ఇంటికొచ్చారు. గేటు ఓరగా తీసుంది, వాడు తప్పటడుగులు వేసుకుంటూ అటు వెళ్తున్నాడు. రోజీ లేచి వాడికీ గేటుకీ మధ్యలో వెళ్లి అడ్డంగా నిలబడింది. వాడు పక్కనుంచి వెళ్లబోతే అటు జరిగింది. మళ్లీ ఇటు జరిగింది. ఆఖరికి వాడు దాని కడుపు మీద రెండు చేతులూ పెట్టి నెడుతూ ఏడుపు మొదలెడితే, వంటింట్లోంచి మేం పరిగెత్తుకొచ్చాం. అప్పటిదాకా అది కదల్లేదు, పళ్లు చూపించలేదు.

అంతమాత్రాన దీన్ని ఆయాగా లెక్కేయకండి. అదే కుక్క ఆటలో తిరగబడి నాలుగేళ్ల పిల్లాడిని కింద పడేసి తల పగలగొట్టగలదు. పెద్దవాళ్లు గదిలో లేకుండా చిన్నపిల్లల్నీ కుక్కనీ వదలొద్దు. కుక్క తింటున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ దాని జోలికి వెళ్లకూడదని పిల్లలకి మాటలు వచ్చినప్పటి నుంచే నేర్పాలి. వేరే పిల్లలు వచ్చి కేకలు వేస్తూ కుస్తీ పడుతుంటే దాన్ని లోపలి గదిలో ఉంచండి. మన పిల్లాడిని ఎవరో కొడుతున్నారని అది అనుకునే అవకాశం ఉంది.

నిమురుతుంటే గుర్రుమంటోంది. చెయ్యి తీసెయ్యాలా?

ఇది రాట్‌వీలర్ ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో అందరికీ వచ్చే టెన్షన్. ఈ జాతికి తనదైన ఒక సణుగుడు ఉంది. చెవి వెనక గోకుతుంటే ఛాతీ లోపల్నుంచి, దూరంగా లారీ ఇంజిను తిరుగుతున్నట్టు ఒక శబ్దం వస్తుంది. కళ్లు సగం మూసుకుంటాయి, ఒళ్లు వదులవుతుంది, గోకడం ఆపితే తలతో మన చేతిని ఎత్తి మళ్లీ గోకమంటుంది. అది హాయి. పిల్లి గురగురలాంటిదే.

కోపంతో వచ్చే గుర్రు వేరు. ఒళ్లు బిగుసుకుంటుంది, కదలకుండా అయిపోతుంది, కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తుంది, ముక్కు మీద చర్మం ముడతపడుతుంది. అలా ఉంటే చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని పక్కకి జరగండి. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టొద్దు. అది మనకి ఇచ్చే హెచ్చరిక. కొట్టి ఆ హెచ్చరికని మాన్పిస్తే రేపు చెప్పకుండా కరుస్తుంది.

ఎందుకు ఎప్పుడూ మీదకి ఒరుగుతుంది? బాత్రూమ్ దాకా వెంట వస్తుంది?

మనిషిని తగులుతూ ఉండటం దీనికి అన్నం తిన్నంత అవసరం. నిలబడి ఉంటే కాలికి ఆనుకుని బరువంతా వేస్తుంది. కూర్చుంటే పాదం మీద కూర్చుంటుంది. నేను వంట చేస్తుంటే రోజీ స్టవ్‌కీ ఫ్రిజ్‌కీ మధ్య సరిగ్గా అడ్డం పడుకుంటుంది, దాటుకుంటూ తిరగాల్సిందే. అందరితోనూ ఇలా ఉండదు. కొత్తవాళ్లు ముద్దు చేస్తే మొహం పక్కకి తిప్పుకుంటుంది. లాబ్రడార్‌లా ఊరందరికీ చుట్టం కాదు ఇది. ఇంట్లోవాళ్ల కోసం దాచుకునే ప్రేమ. అందుకే నాకు మరీ ముద్దు.

కాపలా కుక్క కదా, గేటు దగ్గర కట్టేసి పెంచితే సరిపోతుందా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైము ఉంటే ఇదే చదవండి.

టైసన్‌ని తెచ్చినప్పుడు మాకేమీ తెలియదు. “ఇంట్లోకి రానిస్తే కుక్క మెత్తబడిపోతుంది, గొలుసు వేస్తేనే పౌరుషం” అని చుట్టుపక్కల అందరూ చెప్పారు. మేమూ అలాగే గేటు పక్క జామచెట్టుకి కట్టాం. పగలంతా అక్కడే, రాత్రి వదిలేవాళ్లం. రెండేళ్లు వచ్చేసరికి వాడు సైకిల్ చప్పుడుకి కూడా గొలుసు తెంపుకునేంతగా ఎగిరేవాడు. పాలు పోసే ఆయన మీదకి వెళ్లాడు. గొలుసు ఆపింది కాబట్టి సరిపోయింది. మా నాన్నగారు ఒక్కరే అన్నం పెట్టగలిగేవారు. మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయి తోలు కనబడేది.

ఒక పశువుల డాక్టరుగారు చూసి, కుక్కలో తప్పేమీ లేదమ్మా, దీనికి మనుషులు లేరు అన్నారు. ఆ రోజు నుంచి గొలుసు తీసేసి, మెల్లమెల్లగా ఇంట్లోకి తెచ్చాం. మొదట వరండా, తర్వాత హాలు. రోజుకి రెండుసార్లు నడక. మామూలు కుక్క అవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత చివరిదాకా వాడు హాల్లో మా నాన్నగారి కుర్చీ కిందే పడుకున్నాడు. రాత్రి గోడ దగ్గర అలికిడైతే అక్కణ్ణుంచే ఒక్కసారి మొరిగేవాడు, వీధంతా సద్దుమణిగేది.

ఇంట్లో మనుషుల మధ్య పెరిగిన రాట్‌వీలర్‌కి ఎవరు మనవాళ్లో, ఏది మామూలు శబ్దమో తెలుస్తుంది. కట్టేసినదానికి కదిలేదంతా శత్రువే. కాపలా ఎవరు బాగా కాస్తారో మీరే ఆలోచించండి.

ట్రైనింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇంటికొచ్చిన రోజే. ఎనిమిది వారాల పిల్లకి కూర్చో, రా, వదులు అనే మూడు మాటలు గోరంత చికెన్ ముక్కతో వారం రోజుల్లో వస్తాయి. 3 నుంచి 14 వారాల వయసులో ఏవేం చూస్తుందో పెద్దయ్యాక వాటికి అంతగా బెదరదు: గొడుగు, హెల్మెట్, కుక్కర్ విజిల్, ఆటో, గడ్డం ఉన్న మనిషి, చేతికర్ర పట్టుకున్న తాతగారు. టీకాలు పూర్తవకుండా నేల మీద తిప్పకూడదు కాబట్టి, ఎత్తుకుని తిప్పండి. బరువు 8 కిలోలే కదా అప్పటికి.

8 నెలల నుంచి 18 నెలల మధ్య ఒక దశ వస్తుంది. నిన్నటిదాకా పిలిస్తే వచ్చిన కుక్క ఇవాళ మన వంక చూసి, మళ్లీ తన పని తను చేసుకుంటుంది. చాలామంది ఇక్కడే చెయ్యి చేసుకుంటారు, లేదా ఎవరికో ఇచ్చేస్తారు. ఓపిక పట్టండి. ఈ జాతికి బుద్ధి కుదురుకునేది రెండున్నర, మూడేళ్లకి. పట్టీతో నడక, తిండి ముందు కూర్చోవడం, తలుపు దగ్గర ఆగడం, ఈ మూడూ రోజూ ఒకే పద్ధతిలో జరిగితే అది దార్లోకి వస్తుంది. అరుపులు అక్కర్లేదు, తక్కువ గొంతుతో చెప్పినా వింటుంది.

“ఎటాక్ ట్రైనింగ్ ఇస్తాం” అనేవాళ్ల దగ్గరికి మాత్రం పంపొద్దు. కర్ర పెట్టి రెచ్చగొట్టి నేర్పేది పౌరుషం కాదు, భయం. భయపడిన 50 కిలోల కుక్కని ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదం.

ఆడదా, మగదా?

మగది ఎత్తు 61 నుంచి 68 సెంటీమీటర్లు, బరువు 50 కిలోల వరకు. ఆడది 56 నుంచి 63 సెంటీమీటర్లు, 42 కిలోల వరకు. మొదటిసారి పెంచేవాళ్లకి ఆడదే మేలని నా అభిప్రాయం. త్వరగా నేర్చుకుంటుంది, బయట కుక్కలతో గొడవలు తక్కువ. ఒకే ఇంట్లో రెండు మగవి లేదా రెండు ఆడవి వద్దు.

అపార్ట్‌మెంట్‌లో పెంచొచ్చా?

పెంచొచ్చు. ఇంట్లో ఇది బద్ధకంగానే ఉంటుంది. చోటు కంటే నడక ముఖ్యం: పొద్దున, సాయంత్రం కలిపి గంటన్నర. లిఫ్టులో వేరేవాళ్లుంటే మీరు ఆగి తర్వాత వెళ్లండి. కుక్క ఏమీ చేయదని మీకు తెలుసు, వాళ్లకి తెలియదు కదా. అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని పూర్తిగా నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా రూలు చూపించి గెలిచే బదులు పక్కింటివాళ్ల నమ్మకం సంపాదించుకోవడం మంచిది.

ఇంట్లో కుక్కలంటే భయపడే పెద్దవాళ్లున్నారు. ఏం చేయాలి?

మా అమ్మకి రోజీ అంటే మొదట వణుకు. మేం బలవంతపెట్టలేదు. అమ్మ గది గుమ్మం దాటి లోపలికి వెళ్లకూడదని మాత్రం రోజీకి నేర్పాం. అది సరిగ్గా గుమ్మం బయట, ముందు కాళ్లు గడపకి ఆనించి పడుకునేది. నెల రోజులకి అమ్మ మంచం మీంచే “ఏమే, తిన్నావా?” అని పలకరించడం మొదలెట్టింది. ఇప్పుడు పెరుగన్నం కలిపితే ఆఖరి ముద్ద దానిదే. గడప మాత్రం ఇవాళ్టికీ దాటదు.

మన ఎండలకి తట్టుకుంటుందా?

కష్టమే. జర్మనీ చలికి పుట్టిన నల్లటి ఒళ్లు, లోపల ఇంకో పొర బొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరులోపు, రాత్రి ఏడున్నర తర్వాతే బయటికి తీసుకెళ్లండి. ముందు అరచేతి వెనక భాగం తారు రోడ్డు మీద అయిదు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది. మధ్యాహ్నం నేల మీద తడి గోనె, ఫ్యాన్, నీళ్లు ఉండాలి. రోహిణి కార్తెలో కరెంటు పోతే కూలర్‌కి ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో ముందే చూసుకోండి.

విపరీతంగా రొప్పుతూ, చొంగ తీగలా కారుతూ, చిగుళ్లు ఎర్రబడి తూలుతుంటే అది వడదెబ్బ. వెంటనే ఒళ్లంతా మామూలు చల్లటి నీళ్లు పోస్తూ, ఫ్యాను గాలి తగిలేలా చూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

తిండి ఏం పెట్టాలి? శాకాహారం సరిపోతుందా?

అన్నం, పెరుగుతో మాత్రమే పెంచితే కండ రాదు. ఉడికించిన చికెన్, గుడ్డు ఉండాలి, లేదా పెద్ద జాతులకి చేసిన మంచి డ్రై ఫుడ్ పెట్టాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. పండగ రోజు పాయసం గిన్నె నాకనివ్వకండి. ఉడికించిన ఎముకలు విరిగి పేగులకి గుచ్చుకుంటాయి.

పిల్ల బొద్దుగా, త్వరగా పెరగాలని కాల్షియం పొడులు పోయొద్దు. పెద్ద జాతుల్లో దానివల్ల ఎముకలు అడ్డదిడ్డంగా పెరగొచ్చు. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి. అదీ కొలత.

ఎన్నేళ్లు బతుకుతుంది? ఏ జబ్బులొస్తాయి?

9, 10 ఏళ్లు. తక్కువే, ఇది తెలిసే తెచ్చుకోవాలి. తుంటి, మోచేతి కీళ్ల లోపాలు, ఎముకల క్యాన్సర్, గుండె రక్తనాళం ఇరుకుగా ఉండటం ఈ జాతిలో కనిపిస్తాయి. కుక్కపిల్లలకి వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మిగతా జాతుల కంటే ఎక్కువ ప్రమాదం, టీకా ఒక్క వారం కూడా ఆలస్యం చేయొద్దు. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తుంటే కడుపు మెలి తిరిగిందేమో అనుకోవాలి. తెల్లారేదాకా ఆగితే దక్కదు. తిన్న వెంటనే పరిగెత్తనివ్వకండి. మన దగ్గర పిడుదుల బెడద కూడా ఎక్కువ, చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ చూడండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఏడాది లోపు వయసులో చేయిస్తే ఎముకల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని ఈ జాతి మీద జరిగిన పరిశోధనలో తేలింది. ఎప్పుడు చేయించాలో మీ డాక్టరుతో మాట్లాడండి.

తోక కత్తిరించాలా?

వద్దు. ఈ జాతి పుట్టిన జర్మనీలోనే 1998లో ఆపేశారు. తోక ఉంటే కుక్క మనసులో ఏముందో తెలుస్తుంది.

ప్రభుత్వం నిషేధించిందంటున్నారు, నిజమా?

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకి లేఖ రాసింది, అందులో రాట్‌వీలర్ ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. నగరాన్ని బట్టి నిబంధనలు మారుతున్నాయి కాబట్టి తెచ్చుకునే ముందే మీ మున్సిపల్ ఆఫీసులో అడగండి. లైసెన్సు, ఏటా రేబిస్ టీకా కాగితం తప్పనిసరిగా దగ్గర ఉంచుకోండి.

పిల్లని ఎలా ఎంచుకోవాలి?

తల్లిని చూడకుండా తీసుకోవద్దు. తల్లి మీరు వెళ్తే కాసేపు చూసి, యజమాని మాటతో సర్దుకుంటే ఆ పిల్లలు మంచివి. మూలకి నక్కి మొరిగే తల్లి పిల్లలు వద్దు. 8 వారాల లోపు పిల్లని ఇచ్చేవాళ్ల దగ్గర కొనకండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కేసీఐ) ఇచ్చే జాతి నమోదు కాగితాలతో పాటు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగండి. “రెడ్”, “బ్లూ” రాట్‌వీలర్ అరుదైనదని ఎక్కువ రేటు చెబితే వెనక్కి వచ్చేయండి. ఈ జాతి నలుపు, దాని మీద ముదురు తుప్పు రంగు మచ్చలు, అంతే.

ఎవరు తెచ్చుకోకూడదు?

ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లి పది గంటలు ఇల్లు తాళం వేసుండేవాళ్లు. గేటు ముందు నిలబెట్టి పదిమందిని భయపెట్టాలనుకునేవాళ్లు. పిల్లాడు అడిగాడని కొనిచ్చేవాళ్లు, ఎందుకంటే చూసుకోవాల్సింది ఆఖరికి వాళ్లమ్మే.

ముసలిదయ్యాక ఎలా చూసుకోవాలి?

ఏడేళ్లు దాటాక వెనక కాళ్లు బలహీనపడతాయి. మన టైల్స్, గ్రానైట్ నేలలు వీటికి పెద్ద శత్రువు. టైసన్ ఆఖరి ఏడాది హాల్లోంచి వంటింటి దాకా రావడానికి జారి జారి పడేవాడు. రబ్బరు మ్యాట్లు వరసగా పరిచాం, ఒక దాని మీద నుంచి ఇంకో దాని మీదకి అడుగు చూసుకుని వేసేవాడు. మ్యాట్లు కొనేటప్పుడు కింద పట్టు ఉన్నవి, మనిషి పాదానికి అంటుకోనివి చూసి తీసుకోండి. లేవలేకపోతే పొట్ట కింద నుంచి తువ్వాలు వేసి రెండు చివర్లూ పట్టుకుని ఎత్తండి, నడుము మీద భారం పడదు.